చుక్కమ్మ పెట్టిన కంత

పశువుల పాక వెనక, పెంటకుప్పకి కూతవేటు దూరంలో కోళ్లకి కొత్త గూడు లేచింది. వెదురు దబ్బల గోడలు, తాటాకు కప్పు, తలుపుకి గడియ. కట్టింది గిజిగాడు, కట్టించింది పెరటి పెద్ద డేగపుంజు. అందులో లోపాలు వెతికే టెస్టింగ్ పని మాత్రం చుక్కమ్మది. ఈమధ్యే పిల్లల తల్లయిన పెట్ట అది. ఆ పిల్లలు పడుకోబోయేది ఆ గూట్లోనే, అందుకే ఆవిడ ప్రాణమంతా దానిమీదే ఉంది.

"బావా, ఈ గడియ కిందనుంచి మూతితో ఎత్తితే ఊడొస్తుంది" అంది చుక్కమ్మ.

"నేను లాగితే రాలేదే!" అన్నాడు గిజిగాడు.

"నీ ముక్కెంత, నక్క మూతెంత నాయనా?"

డేగపుంజుకి చిర్రెత్తుకొచ్చింది. "వాడు కష్టపడి కడితే నీకు వంకలు పెట్టడమే పనా?"

"సరే, ఏ వంకా లేదంటాను."

"ఏ వంకా లేకపోతే ఇక నువ్వెందుకే ఇక్కడ?"

చుక్కమ్మకి బుర్ర తిరిగిపోయింది. దొరికిందంటే తిట్లు, దొరకలేదంటే దండగ! ఇదేం ఉద్యోగమమ్మా!

డేగపుంజు అక్కడితో ఆగాడా? మర్నాడు ఏకంగా నక్కనే వెంటబెట్టుకొచ్చాడు. "గూట్లో దూరడం గురించి దీనికంటే తెలిసినవాళ్లెవరు? పైగా మాంసం మానేసిందట."

నక్క గూడు చుట్టూ తిరిగింది. గడియని మూతితో అలా తాకి వదిలేసింది. "భేషుగ్గా ఉంది! ఒక్క లోపం లేదు. పెట్టమ్మా, నీకు ఊరికే భయం."

"విన్నావా?" అన్నాడు డేగపుంజు.

చుక్కమ్మ బిక్కమొహం వేసింది. నిజంగా నాదే తప్పా? నా కళ్లే సరిగ్గా లేవా? మరి ఆ గడియ నా ముక్కుకే ఊడొచ్చిందే! మేత కూడా సహించలేదు పాపం. ఎవరిని నమ్మాలో, చివరికి తనని తాను నమ్మాలో లేదో కూడా పాలుపోలేదు.

అలా కొట్టుకులాడి కొట్టుకులాడి, లేచి గూడు వెనక్కి వెళ్లింది. కింది దబ్బ ఒకటి పీకేసి, ఆ కంతకి అడ్డంగా కాస్త గడ్డి కప్పింది. తరవాత నక్కని బతిమాలింది. "మావా, నా మనసు కుదుటపడటం లేదు. ఇంకొక్కసారి చూడవూ?"

నక్క మళ్లీ తిరిగింది. గడ్డి దగ్గర ఆగింది, వాసన చూసింది, తోక సన్నగా ఆడించింది. "ఏమీ లేదమ్మా. హాయిగా పిల్లల్ని పడుకోబెట్టుకో."

వీధి చివర గుడ్డు పగిలినా పసిగట్టే ముక్కు కదా అది! ఎదురుగా ఉన్న కంత కనపడలేదా? చుక్కమ్మ ముందు తికమకపడింది, తరవాత ఒళ్లు ఝల్లుమంది. కనపడింది! కనపడిందిగనకే చెప్పలేదు.

మధ్యాహ్నం కోళ్లన్నీ కళ్లంలో గింజలేరుతుంటే నక్క చడీచప్పుడు లేకుండా వచ్చి, గడ్డి తోసి కంతలో తల దూర్చింది. లోపల నిద్రపోతున్నాయనుకున్న కోడిపిల్లలు లేవు. చుక్కమ్మ బతిమాలి కూర్చోబెట్టిన కాపలా కుక్క కర్రోడున్నాడు. చెవి దొరకబుచ్చుకున్నాడు.

"వదులు నాయనో! టెస్టింగ్ ఇంకా అవలేదు, అందుకే వచ్చా!" అని నక్క లబోదిబోమంది.

చుక్కమ్మ పరుగున వచ్చింది. "అలాగా మావా! మరి ఏం తేలింది?"

"కంతుంది! వెనకాల కంతుంది! గడియ కూడా ఊడొస్తుంది! అన్నీ చెప్పేస్తా, వదలమనమ్మా!"

చెవి సగం అక్కడే వదిలేసి పారిపోయింది నక్క. డేగపుంజు నోరు వెళ్లబెట్టాడు. "ఇంతకీ ఆ కంత పెట్టిందెవరే?"

"నేనే బావా. గడియలో లోపం మాత్రం నేను పెట్టింది కాదు."

డేగపుంజు కాసేపు నేల గీరాడు. తరవాత గిజిగాణ్ణి కేకేసి కంత పూడ్పించి, గడియ మార్పించాడు.

టెస్టింగ్‌కి వచ్చినవాడు ఒక్క తప్పూ లేదంటే, ముందు టెస్ట్ చెయ్యాల్సింది వాణ్ణే.