పట్టుకున్న చెయ్యి వదలని అన్నదమ్ములు

పొన్నూరు సిమెంటు కొట్టు భూషణానికీ, అతని తమ్ముడు ధర్మారావుకీ తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, ఇంట్లో ఇంకెవరికైనా కాస్త ఉందేమోనన్న అనుమానం కూడా ఎప్పుడూ రాలేదు.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే," అనేవాడు భూషణం.

"అక్షరం జారనివ్వం అన్నయ్యా," అనేవాడు ధర్మారావు.

కొట్లో కూర్చుని సిమెంటు అమ్మేది మాత్రం భూషణం భార్య తాయారు. బాగా అమ్మినందుకు కంపెనీవాళ్ళు స్పెయిన్ చూపిస్తామన్నారు. టిక్కెట్లు అన్నదమ్ముల పేరు మీద వచ్చాయి. భార్యల్ని వెంట తెచ్చుకోవచ్చన్నారు. మరి కొట్టు ఎవరు చూస్తారని ధర్మారావు తన భార్యని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి బయల్దేరాడు.

తాయారుకి ఒకటే కోరిక. ఒక్కసారి సముద్రంలో దిగాలి. వాళ్ళ ఊరికి బాపట్ల సముద్రం గంట దూరం. పెళ్ళయిన కొత్తలో అడిగితే మామగారు, "నేను చెప్పినప్పుడు వెళుదురుగానిలే," అన్నాడు. చెప్పకుండానే పోయాడు. కాబట్టి భూషణం ఇప్పటికీ తీసుకెళ్ళలేదు.

టూరు ఆఖరి రోజు బస్సు ఆండలూసియా సీమలో ఓ చిన్న సముద్రపు ఊరికి చేరింది. సాయంత్రమే తిరుగు ప్రయాణం. తెల్లటి ఇళ్ళు, వీధి చివర నీలంగా నీళ్ళు. తాయారు గుండె ఆ నీళ్ళలో అప్పుడే పడిపోయింది.

గైడు కిశోర్ చెప్పాడు. "ఈ ఊళ్ళో మధ్యాహ్నం అందరూ పడుకుంటారండీ. గోల చెయ్యకండి. ఎవరేమిచ్చినా కాదనకండి, నొచ్చుకుంటారు."

అంతే. భూషణం ఎదురుగా ఉన్న గుమ్మం ముందు తువ్వాలు పరిచి పడుకున్నాడు. పక్కనే ధర్మారావు.

"అయ్యో, నడివీధిలో ఇదేం పడకండీ? సముద్రం అదిగో!"

"అందరూ పడుకుంటారన్నాడు. మనం అందరిలో లేమా?" అన్నాడు భూషణం.

"మీరూ నడుం వాల్చండి వదినా. ఊరి పద్ధతి," అన్నాడు ధర్మారావు, కళ్ళు మూసుకునే.

గురక మొదలైంది. ఇంకేముంది! తలుపు తెరుచుకుని ఆ ఇంటి ముసలావిడ చీపురు ఎత్తి బయటికొచ్చింది. ధర్మారావు లేచి, ఆ చీపురు రెండు చేతులా అందుకుని దణ్ణం పెట్టాడు. ఆవిడ తెల్లబోయి, కాలి చెప్పు తీసి చూపించింది. భూషణం అదీ కళ్ళకద్దుకున్నాడు.

"ఎంత మర్యాదస్తులో చూశావా తాయారూ? మీ పుట్టింట్లో ఎప్పుడైనా ఇలా ఇచ్చారా?"

"మా నాన్నకి ఆ ఆలోచన రాలేదండీ," అంది తాయారు. రెండూ లాక్కుని ఆవిడకి తిరిగిచ్చి, మొగుణ్ణీ మరిదినీ తోలుకుంటూ ఒడ్డుకి వచ్చింది.

అక్కడ కిశోర్ ఎదురయ్యాడు. "త్వరగా చూసెయ్యండి, బస్సు టైమైపోతోంది. సముద్రం దగ్గర జాగ్రత్త! పట్టుకున్న చెయ్యి వదలొద్దు. బూట్లు తడిపి మాత్రం బస్సెక్కొద్దు!"

అంతే. భూషణం భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని, పొడి ఇసకలో రాయిలా నిలబడ్డాడు. తాయారు ఒంగింది, సాగింది, కాలు చాపింది. అల బొటనవేలి దాకా వచ్చి వెనక్కి పోయింది.

"ఇంకో రెండడుగులు రండీ!"

"బూట్లు తడుస్తాయి."

"బూట్లు విప్పండి."

"విప్పమని అతను అన్లేదే!"

"పోనీ చెయ్యి వదలండి."

"వదలొద్దన్నాడే!"

తాయారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నేళ్ళు ఊళ్ళో ఆగింది, ఇంత దూరమొచ్చి ఇక్కడా ఆగాలా? మొగుడి వంక చూసింది, మరిది వంక చూసింది, ముక్కు ఎగబీల్చింది.

"ఏమండీ, పట్టుకున్న చెయ్యి వదలొద్దన్నాడు. నా చెయ్యే పట్టుకోమన్నాడా?"

భూషణం చాలాసేపు ఆలోచించాడు. "అన్లేదు."

"మరి మీ తమ్ముడు ఒంటరిగా ఉన్నాడు పాపం. రెండో చేత్తో అతన్ని పట్టుకోండి. పట్టుకున్నారా? ఇప్పుడు వదలొద్దన్న చెయ్యి అదే."

"నిజమే సుమా!" అని భూషణం తమ్ముడి చెయ్యి బిగించి భార్య చెయ్యి వదిలేశాడు.

తాయారు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఒక్క పరుగు తీసింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి. అల వచ్చి మొహాన కొట్టింది. ఉప్పగా, చల్లగా. కొట్టు, గల్లాపెట్టె, మామగారి మాట, అన్నీ ఆ అలలో కొట్టుకుపోయాయి. ఆవిడ గట్టిగా నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

ఒడ్డు పక్క రోడ్డు మీద హారన్ మోగింది. కిశోర్ చెవి దగ్గర ఫోను పెట్టుకుని బస్సు తలుపు దగ్గర అరుస్తున్నాడు. "జంటలు జంటలుగా ఎక్కండి! ఒక్కరే వస్తే ఎక్కనివ్వను!"

ఇంకేముంది! అన్నదమ్ములు చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరుగెత్తారు. తలుపు ఇరుకు. పక్కకి తిరిగి, పొట్టలు లోపలికి లాక్కుని ఎక్కారు గానీ చెయ్యి వదల్లేదు. కిశోర్ ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఆఖరి జంట. పోనివ్వండి," అన్నాడు.

బస్సు కదిలింది. నడుంలోతు నీళ్ళలోంచి తాయారు కేకేసింది. "ఏమండీ! నేనిక్కడ! నేనిక్కడ!"

భూషణం కిటికీలోంచి తల బయటపెట్టాడు. భార్య కంగారు చూసి అతనికి జాలేసింది. తమ్ముడి చేతితో సహా తన చెయ్యి పైకెత్తి ఊపాడు.

"ఏం బెంగపెట్టుకోకు తాయారూ! మేమిద్దరం తప్పిపోలేదు!"