పైడయ్య ఇంటి లోడ్ బ్యాలెన్సర్

అనకాపల్లిలో బెల్లం అమ్మే పైడయ్య ఇంట్లో ఉండేది ముగ్గురు. పైడయ్య, అతని భార్య వరహాలమ్మ, తమ్ముడు సన్యాసి. ముగ్గురికీ తమ తెలివి మీద మహా నమ్మకం. ఎవరైనా ఒక మాట చెబితే దానికి ఇంకో అర్థం వెతికే చెడ్డ అలవాటు తమ ఇంటా వంటా లేదని చెప్పుకునేవాళ్ళు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికి ఎంత తెలివి కావాలో మీకేం తెలుసు," అనేవాడు పైడయ్య, బెల్లానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ.

విశాఖపట్నంలో కంప్యూటర్ల పని చేసే ప్రసూన అనే అమ్మాయి వాళ్ళ బెల్లానికి ఒక వెబ్‌సైట్ పెట్టి ఇచ్చింది. దాన్ని నడిపే సర్వర్ అనే పెట్టె పైడయ్య ఇంట్లోనే, గోడవార బల్ల మీద ఉండేది. ఉగాది ఇంకో వారం ఉందనగా వెబ్‌సైట్ ఆగిపోయింది. ఉగాదికి అమ్ముడుపోని బెల్లం ఇంకెప్పుడు అమ్ముడుపోతుంది? పైడయ్య కంగారుగా ప్రసూనకి ఫోన్ చేశాడు.

"ఒకేసారి బోలెడుమంది వస్తున్నారు పైడయ్యగారూ. సర్వర్ మీద లోడ్ ఎక్కువైపోయింది," అందామె.

పైడయ్య వెళ్ళి చూశాడు. నిజమే. సర్వర్ మీద ఒక బెల్లం దిమ్మ, దిమ్మ మీద నీళ్ళ చెంబు, చెంబు మీద వరహాలమ్మ తాళాలగుత్తి. అన్నీ దించేసి, "లోడు దించేశానమ్మా," అన్నాడు.

"ఆ లోడు కాదండీ. పని ఎక్కువై ఒక్క సర్వర్ మోయలేకపోతోంది. ఇంకోటి పంపిస్తాను. రెండిటి మీదా లోడు సమానంగా పడాలి."

మర్నాడు రెండో సర్వర్ వచ్చింది. సమానం చెయ్యడం బెల్లం వాళ్ళకి ఒకరు నేర్పాలా? పెద్ద తక్కెడ తెచ్చి చెరో పళ్ళెంలో చెరో పెట్టె పెట్టారు. కొత్తది పైకి లేచింది.

"రెండు కిలోలు తక్కువుంది," అంది వరహాలమ్మ.

అంతే, మూత విప్పి రెండు కిలోల బెల్లం కుక్కేశారు. ముల్లు నడిమధ్య నిలబడింది. ముగ్గురూ మురిసిపోయారు. మధ్యాహ్నానికి చీమలు కూడా వచ్చి మురిసిపోయాయి.

సంగతి విని ప్రసూన అంది, "ఆ పెట్టెల జోలికి వెళ్ళకండి. మా ఆఫీసులోనే రెండు సర్వర్లు పెడతాను. వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్ అని ఒకటి ఉండాలి. వచ్చినవాళ్ళని చెరో సర్వర్‌కీ పంచుతుంది. రెండు రకాలున్నాయి. మొదటిది ఏం కావాలని చూడదు, వచ్చినవాళ్ళని వచ్చినట్టు చెరోవైపు పంపేస్తుంది. వేగం ఎక్కువ. రెండోది అంతా విప్పి చదివి, ఎటు పంపాలో చూసి పంపుతుంది. కాస్త నెమ్మది. ఏది కావాలో మీరే ఎంచుకోండి."

ఎంచుకోవాలంటే చేసి చూడాలి కదా. ఎడమ అరుగు మీద పైడయ్య, కుడి అరుగు మీద వరహాలమ్మ సర్వర్లలా కూర్చున్నారు. సన్యాసి గేటు దగ్గర బ్యాలెన్సర్‌లా నిలబడ్డాడు.

ముందు మొదటి రకం. కరెంటు మీటరు చూడటానికి మనిషి వచ్చాడు. సన్యాసి ఏమీ అడక్కుండా ఎడమకి నెట్టాడు. పైడయ్య అతని చేతిలో కిలో బెల్లం పెట్టాడు. ఇస్త్రీ బట్టలు తెచ్చినాయన్ని కుడికి నెట్టాడు. వరహాలమ్మ ఆ బట్టల మధ్యన కిలో బెల్లం పెట్టింది. దారి అడగడానికి ఆగినాయనక్కూడా కిలో బెల్లం దొరికింది, దారి మాత్రం దొరకలేదు.

"వేగం బాగుంది," అన్నాడు పైడయ్య. "ఇప్పుడు రెండోది చూద్దాం."

రెండో రకమంటే అంతా విప్పాలి. బడికి పోతూ బెల్లం కోసం ఆగిన మేష్టారి సంచీ విప్పాడు సన్యాసి. అందులో టిఫిన్ డబ్బా. అదీ విప్పాడు. "ఉప్మా. అన్నయ్యా, ఉప్మా అయితే ఎటు పంపాలి?" అన్నాడు. అన్నయ్యకీ తెలియలేదు. ఆలోచించేలోపు సన్యాసి సగం ఉప్మా తినేశాడు. మేష్టారి వెనకాల జనం వీధి మలుపు దాకా నిలబడ్డారు.

పైడయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. "మొదటిది అందరికీ బెల్లం పెట్టేస్తోంది, రెండోది ఉప్మా తినేస్తోంది. ఏది తీసుకోమంటావమ్మా?"

ప్రసూనకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. "ఏదైనా మంచిదేనండీ. రెండూ సర్వర్లని మధ్యమధ్యలో 'ఉన్నావా' అని అడుగుతూనే ఉంటాయి. మూడుసార్లు అడిగినా పలక్కపోతే అది పోయినట్టు లెక్క. ఇంక దానివైపు ఎవరినీ పంపవు," అంది.

ఇంకేముంది, సన్యాసి అడగడం మొదలుపెట్టాడు. "అన్నయ్యా, ఉన్నావా?"

సరిగ్గా అప్పుడే పైడయ్య నోట్లో పెద్ద బెల్లం ముక్క పెట్టుకున్నాడు. పళ్ళు అంటుకుపోయాయి. సన్యాసి మూడుసార్లు అడిగాడు. జవాబు లేదు.

"వదినా, అన్నయ్య పోయాడు," అన్నాడు.

"ఇప్పుడే కదయ్యా నీళ్ళడిగారు."

"మూడుసార్లు అడిగాను. పలకలేదు."

వరహాలమ్మ గొల్లుమంది. బెల్లం మింగి పైడయ్య వచ్చాడు. "ఎందుకే ఏడుపు?"

"మీరు పోయారండీ."

"ఎప్పుడు?"

"ఇందాక."

"ముందే చెప్పొద్దూ," అని పైడయ్య చాప పరుచుకుని పడుకున్నాడు. ఏడుపు విని ఇరుగుపొరుగు వచ్చారు. లేచి కూర్చోమన్నా కూర్చోడు. ఎవరో కాఫీ ఇవ్వబోతే, "పోయినవాడివైపు ఏమీ పంపకూడదట," అని గ్లాసు వెనక్కి తోశాడు.

అంతలో ప్రసూన ఫోన్ చేసింది. వరహాలమ్మ తీసింది.

"మీరు తేల్చేలా లేరని మొదటి రకమే పెట్టేశానండీ. మీరు అమ్మేది ఒక్క బెల్లమే, అందులో విప్పి చదవడానికేముంది? వెబ్‌సైట్ చక్కగా నడుస్తోంది. అప్పుడే నాలుగు వందల ఆర్డర్లు. సాయంత్రం బండి వస్తుంది, గబగబా కట్టేయమనండి పైడయ్యగారిని."

"ఆయనెక్కడమ్మా. పొద్దున్నే పోయారు."

"అయ్యో, ఏమైందండీ?"

"మూడుసార్లు పిలిస్తే పలకలేదు."

ప్రసూనకి ఇప్పుడు అర్థమైంది. వీళ్ళకి ఎలా చెప్పాలో కూడా అర్థమైంది. "ఏం పర్లేదమ్మా. మళ్ళీ వరసగా మూడుసార్లు పలికితే బతికినట్టే. అడిగించండి," అంది.

అందరూ చాప చుట్టూ చేరారు. సన్యాసి గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, ఉన్నావా?"

"ఉన్నాను."

"అన్నయ్యా, ఉన్నావా?"

"ఉన్నాన్రా."

వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇంకొక్కటే.

"అన్నయ్యా, ఉన్నావా?"

పైడయ్యకి విసుగొచ్చింది. "ఎన్నిసార్లు అడుగుతావురా. చచ్చాను నీతో."

సన్యాసి ఆ మాటని మనసులో రెండుసార్లు అనుకుని చూశాడు.

"వదినా," అన్నాడు నెమ్మదిగా, "అన్నయ్య ఒక్కడే పోలేదు. నాతో పోయాడట."

చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుని, చాప దగ్గరికి నడిచి, "కాస్త అటు జరుగన్నయ్యా," అన్నాడు.

పైడయ్య జరిగి చోటిచ్చాడు.