వీణ గుర్రం

ఏ రాజు కాలమో చెప్పలేను గానీ, వడ్రంగి గురవాచారి, ఆస్థాన విద్వాంసుడైన సోమయాజులు వీణకు గుర్రం చేశాడు. వీణ తీగలన్నీ ఆనే చిన్న చెక్కను గుర్రం అంటారు. పనస చెక్కను చేత్తో చెక్కి, తీగ మీటి చెవొగ్గి వింటూ, ఆకురాయితో అరగదీసి సభలోనే బిగించాడు.

సోమయాజులు వాయించాడు. రాజు కళ్ళు తుడుచుకున్నాడు.

"ప్రభూ, ఇలాంటి నాదం ఇంకెవరి వీణకూ రాకూడదు. వీడి కుడిచెయ్యి తీయించండి," అన్నాడు సోమయాజులు.

రాజు సరేనన్నాడు. చప్పట్లు కొట్టబోయిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. భటుడు గురవాచారి చేతిని దిమ్మ మీద పెట్టించి కత్తి ఎత్తాడు.

"కానివ్వండి. ముందు ఆ తీగలు కాస్త వదులు చెయ్యండి అయ్యగారూ," అన్నాడు గురవాచారి.

చెయ్యి పోబోతున్నవాడి కోరిక కదా అని సోమయాజులు బిరడాలు తిప్పాడు. గుర్రం ఊడి నేల మీద పడింది.

"లక్కతో అతికించలేదేంరా?" అన్నాడు సోమయాజులు.

"మీకు మద్దెల చేసినవాడి చెయ్యి ఏమైందో విన్నానండీ. అందుకే తీగల బిగువు మీదే నిలబెట్టాను. తీగలు మార్చినప్పుడల్లా ఊడుతుంది. మళ్ళీ నిలబెట్టి, పలికేదాకా అరగదీయాలి. ఎవరి చేత చేయిస్తారో మీ ఇష్టం."

"ఆపండి!" అని అరుస్తూ సోమయాజులు పరుగెత్తుకొచ్చి, గురవాచారి చేతి మీద తన చెయ్యి అడ్డం పెట్టాడు.

"జాగ్రత్త అయ్యగారూ, కత్తి ఇంకా దించలేదు. వీణ వాయించాల్సింది మీ చెయ్యే," అన్నాడు గురవాచారి.