కోట తలుపు తీసిన బొల్లన్న

ఓబులేసు నవల రెండోసారి కూడా తిరిగొచ్చింది. వారపత్రిక సంపాదకుడు ఈసారి మొదటి పేజీ మీద పెన్సిలుతో రాశాడు: "ఊహ గొప్పది. మనుషులే కనబడలేదు. ఇంకొక్కసారి పంపి చూడండి."

ఆ కట్టను దస్తగిరి సార్ ముందు పెట్టి ఓబులేసు అన్నాడు: "మూడోసారీ తిరిగొస్తే నేను మళ్ళీ కలం ముట్టను సార్."

బెదిరింపుగా అన్న మాట కాదది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దస్తగిరి సార్ ప్రొద్దుటూరులో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాడు. వారపత్రికల్లో సీరియల్‌గా చాలా జానపద నవలలు రాశాడు. వాటి నిండా మాయాద్వీపాలు, మాట్లాడే గుర్రాలు. అయినా చదువుతుంటే మన వీధిలోవాళ్ళ సంగతి చదువుతున్నట్టే ఉండేది. ఆయన రాసిన ఒక రాక్షసుడికి పంటినొప్పి ఉండేది. మా ఇంట్లోవాళ్ళు ఆ రాక్షసుడు చచ్చిపోయిన వారం అన్నం సరిగ్గా తినలేదు.

ఓబులేసు కరెంటాఫీసులో ఉద్యోగి. అతని ఊహ కూడా తక్కువది కాదు. నమ్మకద్రోహం చేసినవాణ్ణి నీడ వదిలేసిపోయే దేశం ఒకటి కల్పించాడు. ఆ దేశం ఎలా కూలిపోయిందో రాజు, రాణి చెల్లెలు, మంత్రగాడు, పడవవాడు, కోట తలుపు కాసే బొల్లన్న, ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. చివరికి బొల్లన్న శత్రువుల దగ్గర బంగారం పుచ్చుకుని తలుపు తీస్తాడు. తెల్లారేసరికి వాడి నీడ వాణ్ణి వదిలేసిపోతుంది. ఇలాంటి ఊహ నాకు ఎన్ని జన్మలెత్తినా రాదు.

సార్ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. శిష్యులెవరు నవల రాసినా ఆదివారం మధ్యాహ్నం అక్కడ చదవాలి. వినేవాళ్ళం తలా ఒక పాత్ర తీసుకోవాలి. మన పాత్ర లేని అధ్యాయం వచ్చిందా, లేచి బయట అరుగు మీద కూర్చోవాలి. ఆ పాత్రకు తెలియనిది మన చెవిన కూడా పడకూడదు. అన్నీ అయ్యాక రాజు పాత్ర తీసుకున్నవాడు కథలో తప్పు చేసినవాడి మీద తీర్పు చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇదంతా పిల్లలాటలా కనిపించేది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

ఓబులేసు నవల చదివిన రోజు నేను రాజును. టైలర్ నాగముని పడవవాడు. బొల్లన్న పాత్ర మాత్రం ఎవరూ తీసుకోలేదు.

"ఆ ద్రోహి నా కొడుకు నాకొద్దు సామీ," అన్నాడు నాగముని.

చదవడం సగానికి రాకముందే నాగముని చెయ్యెత్తాడు.

"ఓబులేసూ, మంత్రగాడి గుహలో జరిగిందంతా నా పడవవాడు పూస గుచ్చినట్టు చెప్తాండాడే! ఆ అధ్యాయం చదివేటప్పుడు నేను అరుగు మీద బీడీ తాగుతాంటి కదప్పా. వానికెవరు చెప్పినారు?"

ఓబులేసు కాగితాలు వెనక్కి తిప్పి వెతికాడు. రాజు మాట్లాడినా, పడవవాడు మాట్లాడినా అది ఓబులేసు గొంతే. అందరికీ అన్నీ తెలుసు, ఓబులేసుకు తెలుసు కాబట్టి.

చివర్లో బొల్లన్నను ఏం చెయ్యాలో నన్ను తీర్పు అడిగారు. "ఉరి తీయండి," అని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను అనంతపురంలో బి.ఏ. చదివే రోజుల్లో మాకు చరిత్ర చెప్పిన లెక్చరర్ నోట్సు డిక్టేటు చేసేవాడు. ఏ కోట పడిపోయినా ఒకటే వాక్యం: "ద్వారపాలకునికి లంచమిచ్చి శత్రువులు లోనికి ప్రవేశించిరి." మేం అదే రాసేవాళ్ళం, మార్కులూ పడేవి. ఆ ద్వారపాలకుని పేరేమిటని అడిగినవాడు మా క్లాసులో ఒక్కడూ లేడు. రాజుల పేర్లు మాత్రం తారీఖులతో సహా నాకిప్పటికీ గుర్తే.

సరే, అసలు సంగతికొస్తాను. సార్ విమర్శ ఏమీ చెయ్యలేదు. మరుసటి ఆదివారం ఓబులేసు చేతిలోంచి కాగితాలు తీసుకున్నాడు.

"ఇయ్యాల నేను చదువుతా. బొల్లన్నకు మనిషి దొరకల్యా. ఆ పాత్ర నువ్వు తీసుకో."

"నేనా సార్? రాసినోణ్ణి నేనే కదా!"

"అందుకే. పోయి వీధి గేటు దగ్గర కూచో. నేను చెప్పేదాకా ఎవురొచ్చినా తీయొద్దు."

మే నెల. గేటు దగ్గర నీడ లేదు. ఓబులేసు తువ్వాలు నెత్తిన వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. లోపల మేం చదువుకుంటున్నాం, నవ్వుకుంటున్నాం. గ్లాసుల చప్పుడు అతనికి వినబడుతూనే ఉండి ఉంటుంది. ఎందుకు నవ్వుతున్నామో, ఏ పేజీలో ఉన్నామో అతనికి తెలియదు. ఒకసారి కిటికీలోంచి చూస్తే మెడ సాచి మా వైపే చూస్తున్నాడు. సార్ కిటికీ రెక్క మూసేశాడు.

కాసేపటికి సార్ అక్క మాబున్నమ్మ పిండిమిషను నుంచి వచ్చింది. ప్రతి ఆదివారం ఆమె వచ్చే వేళే అది. నెత్తిన జొన్నపిండి డబ్బా. ఆమె గొంతు మాకు లోపలికి బాగా వినబడింది.

"ఏందిరా ఓబులేసూ, కలెక్టరు మాదిరి కూచుంటివి? గేటు తీయి."

"సార్ తీయొద్దన్నాడు పెద్దమ్మా."

"తీయొద్దన్నాడా? వాడు గుడ్డలు లేకుండా తిరిగేనాడు వాన్ని సంకనేసుకుని తిరిగిందాన్ని నేను. నాకు గేటు తీయొద్దన్నాడా?"

"కొంచేపు ఆగు పెద్దమ్మా. లోపల అయిపోవచ్చింది."

"మెడ ఇరిగిపోతాందిరా నాయనా. కాళ్ళు కాలుతాండాయి. చెప్పులు తెగితే చేతబట్టుకోనొస్తి."

తర్వాత మాటలు వినబడలేదు. గేటు కిర్రుమన్న చప్పుడు వినబడింది. ఆ వెంటనే ఓబులేసు కేకలు.

మేమంతా బయటికి పరిగెత్తాం. అతను రెండు చేతులతో పిండి డబ్బా దించుతున్నాడు. ఆ సందులో వీధిలోని మేకల మంద లోపల జొరబడింది. సార్ ఎన్నో ఏళ్ళుగా పెంచుకున్న మల్లెపాదుల్లో పడి మేస్తున్నాయి. నాగముని కర్ర తీసుకుని అదిలించేసరికి పాదుల్లో మోడులే మిగిలాయి.

మేకలు వస్తాయని సార్‌కు తెలియదనే నేననుకుంటాను. అక్క వస్తుందని మాత్రం తెలుసు. ఆయన్ని నేనెప్పుడూ అడగలేదు.

ఓబులేసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిడితే బాగుండునన్నట్టుంది అతని ముఖం. సార్ మల్లెపాదుల వైపు చూశాడు. తర్వాత శిష్యుడి వైపు తిరిగాడు.

"ఎంత బంగారమిచ్చింది మా యక్క?"

ఓబులేసు తలెత్తాడు. లోపలికి పోయి బొల్లన్న అధ్యాయం కాగితాలు మాత్రం ఏరుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు.

"టీ అన్నా తాగి పోరా!" అని మాబున్నమ్మ అరుస్తూనే ఉంది.

వేసవి గడిచింది. ఓబులేసు మళ్ళీ వచ్చిన ఆదివారం బయట సన్నగా వాన పడుతోంది. మనిషి చిక్కిపోయాడు. బొల్లన్న అధ్యాయంతో మొదలుపెట్టి నవలంతా తిరగరాశాడట. ఈసారి పడవవాడికి నది తప్ప ఏమీ తెలియదు. రాణి చెల్లెలు తనకు తెలిసిన సగాన్ని కూడా దాచుకుంటుంది. రాజు ఎవరినీ పేరు పెట్టి పిలవడు, ఎవరి పేరూ అతనికి గుర్తుండదు. పాత్ర మారినప్పుడల్లా గదిలోకి కొత్త మనిషి వచ్చినట్టుండేది. వింటూ నేను వేరుశనక్కాయల సంగతి మరిచిపోయాను.

బొల్లన్న అధ్యాయం రాగానే సార్ అందరినీ లోపలికి పిలిచాడు. ఆయన పద్ధతి తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బొల్లన్నకు రోజూ అంబలి తెచ్చిపెట్టే ముసలామె పొద్దుగుంకినా కోట బయటే ఉండిపోయింది. తలుపవతల నిలబడి చలికి వణుకుతూ పిలిచింది. బొల్లన్న తలుపు ఒక మనిషి పట్టేంత తీశాడు. ఆమె వెనక చీకట్లో ఎవరున్నారో అతనికి తెలియదు. తెల్లారేసరికి నగరం బూడిదైంది. బొల్లన్న నడివీధిలో ఎండకు నిలబడి, తన నీడ ఎప్పుడు వదిలిపోతుందా అని చూస్తున్నాడు. అది పోలేదు. "పోవే, పో," అని కాలితో తన్నాడు. అది అతని పాదాలనే పట్టుకుని ఉంది.

ఓబులేసు చదవడం ఆపాడు. మాబున్నమ్మ వంటింటి గడపలో నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నాగముని నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "రాజుగారూ, తీర్పు చెప్పండి."

పోయినసారి చెప్పిన ఉరి నా నోటిదాకా వచ్చింది. ఈసారి అనలేకపోయాను. ఓబులేసు నా ముఖమే చూస్తున్నాడు.

సార్ కాగితాలన్నీ దగ్గరికి తీసుకుని, అంచులు సరిచేసి, శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఇంక పంపించు," అన్నాడు.