బాల్కనీ కింద నీడ

కొండ నడుము మీద ఒక రాతి బంగళా ఉండేది. ఎప్పుడో అడవి అధికారుల కోసం కట్టినది. మనుషులు వెళ్లిపోయాక జంతువులు చేరాయి. కింది గదుల్లో కుందేళ్లు, ఏదుపందులు, పై గదిలో దుప్పులు, అటక మీద కోతులు. అందరికీ ఏదో ఒక మూల దొరికింది, ఒక్క గవిరయ్యకు తప్ప.

గవిరయ్య ఎద్దు. బండి లాగి లాగి మెడ కాయలు కాసిన ముసలి ఎద్దు. బంగళా గుమ్మం అతని కొమ్ములకు చాలదు. వచ్చిన రోజున పక్కకు తిరిగి దూరబోయి ద్వారబంధంలో ఇరుక్కుంటే కోతులన్నీ కలిసి తోక పట్టుకుని వెనక్కి లాగాల్సి వచ్చింది. అప్పటినుంచి గోడ వారన బయటే పడుకునేవాడు. ఎండలో ఎండేవాడు, వానలో తడిసేవాడు. తెల్లారి లేవాలంటే కీళ్లు పట్టేసి రెండు మూడుసార్లు కూలబడేవాడు. ఎవరైనా జాలిపడితే, "నాకు బయటే హాయి" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడంటే చివరికి అందరూ నమ్మేశారు.

ఆ బంగళా పై గదికి ఒక తలుపుంది. తీస్తే ఎదురుగా ఉత్త ఆకాశం, ఎక్కడో కింద నేల. ఒకప్పుడు అక్కడ చెక్క బాల్కనీ ఉండేదట. చెదలు తిని రాలిపోయింది. గోడలో దూలాలు దూర్చిన ఆరు రంధ్రాలు మాత్రం మిగిలాయి.

ఆ వేసవిలో చిరుతపులి వచ్చింది. ఆ తలుపు దగ్గర కాపలా ఉన్న కోతికి ఎదురుగా లోయంతా కనబడింది గానీ, గోడ మూల చాటున నక్కి వస్తున్న చిరుత కనబడలేదు. చుక్కమ్మ అనే దుప్పి తొలి పిల్లను అది నోట కరుచుకుని పోయింది.

మర్నాడు అందరూ ముంగిట్లో కూడారు. చుక్కమ్మ ఏడవలేదు. కడుపులో మరో పిల్ల ఉంది.

"తలుపు బయట నిలబడే చోటుంటే రెండు మూలలూ కనబడేవి. ఇది పుట్టేలోపు అక్కడ బాల్కనీ వెయ్యండి. ఇంకేమీ అడగను" అంది.

కాదనేవాళ్లెవరు? వడ్రంగిపిట్ట సన్యాసమ్మ ఎగిరి వెళ్లి ఆ రంధ్రాల్లో తల దూర్చి చూసి వచ్చింది. పనిలో ఆమెకు పేరుంది, మాటలో మెత్తదనం లేదు.

"తొమ్మిది మూరల మద్ది దూలాలు ఆరు కావాలి. బయటికి మూడు మూరలు, లోపలికి ఆరు. పై గది నేలపలకలు ఎత్తి, వాటి కింద దూలాల్ని పరిచి, మీద రాళ్లు పేర్చాలి. బాల్కనీని మోసేది బయట కనబడే ముక్క కాదు, లోపల దాగిన ముక్క. అందులో ఒక్క మూర తగ్గినా నేను ఒప్పుకోను" అంది.

"అక్క చెప్పినట్టే చేద్దాం" అన్నాడు నక్క తవిటయ్య అందరికంటే ముందు. బంగళాలో చేరేటప్పుడు మాంసం మానేశానని ఒట్టుపెట్టుకున్నవాడు తవిటయ్య. పీతలు మాంసం కిందికి రావని ఆ తర్వాత తనే తీర్మానించుకున్నాడు. నోరు మంచిది, తీరిక ఎక్కువ. అందుకని పని మీద పెత్తనం అతనికే అప్పజెప్పారు.

దూలాలు దొరికేది కొండకు అవతలి లోయలో. తెచ్చింది గవిరయ్య. రోజుకొక దూలం చొప్పున ఆరు రోజులు లాగాడు. మెడ మీద పాత పుండు మళ్లీ రేగింది. దూలం దించిన ప్రతిసారీ తవిటయ్య ఎదురొచ్చి, "నువ్వు లేకపోతే ఈ బంగళా ఏమైపోయేది బావా" అనేవాడు. గవిరయ్యను అలా ఎవరూ పిలిచి ఎరగరు. వినడానికి బాగానే ఉండేది.

ఏడో రోజున తవిటయ్య సన్యాసమ్మ దగ్గరకు వెళ్లాడు.

"అక్కా, దూలాలు దూర్చడం కోతులు కూడా చెయ్యగలవు. బాల్కనీ అంచు కమ్మీలకు నున్నటి వెదురు ఏరడం నీవల్ల తప్ప కాదు. ఏటి ఒడ్డున మంచి పొద ఉందట" అన్నాడు. పనితనాన్ని పొగిడితే ఎంత గట్టివాళ్లైనా కాస్త వదులవుతారు. సన్యాసమ్మ రెండు రోజులు వెదురు కోసం వెళ్లింది.

ఆ మధ్యాహ్నం గవిరయ్య నీళ్లకని బంగళా వెనక్కి వెళ్లాడు. అక్కడ ఏదుపందులు దూలాల మీద కూర్చుని పళ్లతో కొరుకుతున్నాయి. నాలుగు దూలాలు అప్పటికే నడిమికి రెండు ముక్కలయ్యాయి. అయిదోది అతని కళ్లముందే పటుక్కుమని విరిగింది.

"ఇదేంటి?" అన్నాడు గవిరయ్య.

తవిటయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కంగారుపడలేదు.

"రా బావా. నీకోసమే ఇదంతా."

"నాకోసమా? అక్క తొమ్మిది మూరలంది."

"అక్కకు వయసు మీద పడింది, అన్నిటికీ భయం. గోడ మందమే మూర పైన ఉంది. రాతి గోడ. మూరన్నర లోపలికి పోతే చాలదూ? మిగిలిన సగాల్తో ఏం చేస్తానో అడగవేం?"

"ఏం చేస్తావు?"

"బాల్కనీ కింద నాలుగు గుంజలు పాతి, మూడు వైపులా తడిక కట్టిస్తాను. పైన బాల్కనీయే కప్పు. కొమ్ములు తగలవు, గుమ్మం ఇరుకు కాదు. నీ వయసులో ఇంకెన్ని వానలు తడుస్తావు బావా?"

గవిరయ్య తలెత్తి గోడ కేసి చూశాడు. బాల్కనీ నీడ ఎంత మేర పడుతుందో మనసులోనే గీసుకున్నాడు. కాళ్లు చాపుకుని పడుకున్నా సరిపోతుంది.

"రాయి గట్టిదే" అన్నాడు చివరికి.

"అదీ మాట" అన్నాడు తవిటయ్య.

సన్యాసమ్మ తిరిగొచ్చేసరికి దూలాలు దూర్చడం, పై గది నేల మూయడం అన్నీ అయిపోయాయి. కొలతల సంగతి పెత్తందారు చూసుకుంటాడని కోతులు గానీ ఏదుపందులు గానీ నోరెత్తలేదు. బాల్కనీ అందంగా ఉంది. ఆమె పలకల మీద వాలి ముక్కుతో కొట్టుకుంటూ లోపలికి నడిచింది. టక్, టక్, టక్. గోడ దాటగానే చప్పుడు మారింది. రెండోసారి కొట్టింది. మూడోసారి కొట్టింది.

ముంగిట్లోకి వచ్చి అందరినీ పిలిచింది.

"గోడ వెనక దూలం లేదు. చప్పుడు డొల్లగా ఉంది. నేల ఎత్తి చూపించండి."

"మళ్లీ ఎత్తడమా?" అంది కోతుల పెద్ద. "నడుములు విరిగాయి మాకు."

తవిటయ్య నిదానంగా లేచాడు. "అక్కకు అనుమానం వచ్చింది. మంచిదే. దూలాలు తెచ్చింది నేనూ కాదు, కోతులూ కాదు. అబద్ధమాడనివాడు ఒకడున్నాడు, అతన్నే అడుగుదాం. గవిరయ్య బావా, నువ్వు తెచ్చిన దూలాలు ఎన్ని మూరలు?"

అందరూ గవిరయ్య వైపు తిరిగారు. తడిక కట్టడం అప్పటికే మొదలైంది. ఒక వైపు పూర్తయింది కూడా.

"తొమ్మిది" అన్నాడు గవిరయ్య.

సన్యాసమ్మ అతని కళ్లలోకి చూసింది. "తెచ్చినప్పుడు తొమ్మిదే తమ్ముడూ. దూర్చినప్పుడు ఎన్నో అది చెప్పు."

"నేను తెచ్చినవి తొమ్మిది మూరలు" అన్నాడు మళ్లీ. అది అబద్ధం కాదని తనకు తాను చెప్పుకున్నాడు.

"విన్నారుగా" అన్నాడు తవిటయ్య.

ఆమె ఆ సాయంత్రమే గూడు వదిలి ఏటి అవతలికి వెళ్లిపోయింది. పొగరుబోతు పిట్ట అనుకున్నారంతా.

నాలుగు గుంజలకు చెక్క చాలదని తవిటయ్య రెండే పాతించాడు. అవీ కప్పును అందుకోని పొట్టి గుంజలు, తడిక కట్టుకోవడానికి పనికొచ్చేవి. మిగతా సగం దూలాలు అతని సొంత గుహకు కప్పుగా మారాయి. గవిరయ్య చూశాడు, అడగలేదు. అతని ముసలి ఎముకలు మొదటిసారి పొడినేల మీద వాలాయి. తొలకరి పడిన రోజున కళ్లు మూసుకుని చాలాసేపు వాన చప్పుడు విన్నాడు. తడవకుండా వాన వినడం అతనికి కొత్త.

చుక్కమ్మకు పిల్ల పుట్టింది. కాళ్లు నిలిచిన దగ్గర్నుంచీ దాన్ని బాల్కనీ మీదే పెట్టుకుని లోయ కేసి చూసేది. అప్పుడప్పుడు కమ్మీల సందులోంచి తొంగిచూసి, "గవిరయ్య మావా, ఇటు రా, నిన్ను చూసి నవ్వుతోంది ఇది" అనేది. గవిరయ్య బయటికొచ్చి తలెత్తేవాడు. పిల్లను చూసేవాడు కాదు. పిల్ల కింద దూలం గోడలోకి పోయే చోట చూసేవాడు.

శ్రావణంలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. నాలుగోనాటి పొద్దున తెరిపిచ్చింది. లోయలో చిరుత దగ్గిన చప్పుడు వినబడింది. ఎటువైపో చూడాలని బంగళాలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి బాల్కనీ మీదికి పరిగెత్తారు. దుప్పులు, కుందేళ్లు, కోతులు. తవిటయ్య మాత్రం ముంగిట్లోనే నిలబడి, "కనబడిందా?" అని కిందనుంచి అడిగాడు.

గవిరయ్య నడుం మీద సున్నం పొడి రాలింది. ఏమిటో అతనికి వెంటనే తెలిసింది. "దిగండి" అనబోయాడు. గొంతు పెగిలేలోపే గోడలో మూరన్నర మాత్రమే ఉన్న ఆరు దూలాలూ దవడలోంచి పళ్లు ఊడినట్టు ఊడి వచ్చాయి.

నాలుగు కుందేళ్లు పోయాయి. ఒక కోతి పోయింది. చుక్కమ్మ పిల్ల పోయింది. చుక్కమ్మకు గీత కూడా పడలేదు. గవిరయ్య వెనకకాలు తొడ దగ్గర నలిగింది.

తవిటయ్యకు చేతులు చురుకు. "పిల్లల్ని చంపిన ఈ చెక్కల్ని ఆ తల్లి ఎలా చూస్తుంది? తీసెయ్యండి" అని కోతుల చేత దూలాల్ని వాగులో వేయించాడు. వాగు పోటు మీదుంది. మధ్యాహ్నానికి ఒక్క చెక్క కూడా మిగల్లేదు.

సాయంత్రం విచారణ పెట్టారు. అంతకుముందు తవిటయ్య గవిరయ్య దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"నిజం చెప్తాను" అన్నాడు గవిరయ్య.

"చెప్పు బావా. నేనాపను. దూలాలు కోశారని చెప్పు. నన్ను తరిమేస్తారు, పోతాను, నాకు గుహ ఉంది. కానీ చుక్కమ్మ నిన్నొక మాట అడుగుతుంది. నీకు ఎప్పుడు తెలుసని. దానికి ఏం చెప్తావో ఆలోచించుకున్నావా?"

గవిరయ్య నలిగిన కాలును దగ్గరకు లాక్కున్నాడు.

"పిల్ల పుట్టకముందే తెలుసని చెప్తావా? అది రోజూ పైన గెంతుతుంటే కింద నువ్వు హాయిగా పడుకున్నావని చెప్తావా? ఇంకో దారుంది. వానకు గోడ నానింది. దురద పుట్టి నువ్వు వీపు రుద్దావు. ఎద్దు బరువు కదా, అదిరింది. పొరపాటు. పొరపాటు చేసినవాణ్ని తిడతారు, ఆ తర్వాత వదిలేస్తారు."

విచారణలో చుక్కమ్మ ముందు వరసలో నిలబడింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఎలా కూలింది మావా? నువ్వు కిందే ఉన్నావుగా" అని అడిగింది.

గవిరయ్య ఆమె ముఖంలోకి చూశాడు. నిజం నాలుక చివరికి వచ్చింది. దాని వెనకే ఆమె అడగబోయే ప్రశ్న కూడా వచ్చింది. ఎక్కడో పై గదిలో వాననీరు చుక్కచుక్కగా కారుతోంది.

"నేనే" అన్నాడు. "గోడకు వీపు రుద్దాను."

తిట్టేవాళ్లు తిట్టారు. కుందేళ్ల పెద్ద ఎర్రన్న ముఖాన ఉమ్మేశాడు. చుక్కమ్మ మాత్రం దగ్గరకు వచ్చి, అతని నలిగిన తొడ మీద నెత్తురు నాలుకతో తుడిచింది.

"కావాలని చేశావా ఏంటి" అంది మెల్లగా.

ఆ నాలుక తగిలిన చోట నిప్పు పెట్టినట్టయింది గవిరయ్యకు. ఆమె కూడా ఉమ్మి ఉంటే బాగుండుననిపించింది.

వానలు వెనకబట్టాక మళ్లీ బాల్కనీ వేద్దామన్నారు. పెత్తనం మళ్లీ తవిటయ్యకే ఇచ్చారు, అనుభవం ఉన్నవాడని. దూలాలు మళ్లీ గవిరయ్యే తేవాలని తీర్పు చెప్పారు, కూల్చినవాడు కనక. కుంటుకుంటూ రోజు విడిచి రోజు ఒక్కొక్కటి లాగాడు. అయిదో దూలం తెచ్చిన రోజున బంగళా వెనకనుంచి కొరుకుడు చప్పుడు వినబడింది. వెళ్లి చూశాడు. పాత కథే. నాలుగు దూలాలూ నడిమికి రెండు.

ఈసారి అతను ఊరుకోలేదు. ముంగిట్లో నిలబడి రంకె వేశాడు. అంతా వచ్చారు.

"దూలాల్ని సగానికి కోస్తున్నారు. లోపలికి ఆరు మూరలు పోవాలి. పోకపోతే మళ్లీ కూలుతుంది. సన్యాసమ్మక్కను పిలిపించండి, ఆమె చెబుతుంది."

ఎర్రన్న ముక్కు చిట్లించాడు. "మొన్న కూలింది దూలాల వల్లనా, నీ వీపు వల్లనా?"

"దూలాల వల్లే."

"మరి విచారణలో వీపన్నావు."

"అప్పుడు అబద్ధం చెప్పాను."

"అప్పుడు అబద్ధం చెప్పినవాడివి ఇప్పుడు నిజం చెప్తున్నావని మాకెలా తెలియాలి?"

ఎవరో నవ్వారు. లాగడానికి బద్ధకమని ఒకరు, దోషం దులుపుకోవాలని చూస్తున్నాడని మరొకరు అన్నారు. తవిటయ్య ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అవసరం రాలేదు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోయారు. చివరికి చుక్కమ్మ మిగిలింది. మళ్లీ కడుపుతో ఉంది.

"చుక్కమ్మా, నువ్వైనా విను" అన్నాడు గవిరయ్య. "పుట్టబోయేదాన్ని పైకి ఎక్కించకు."

ఆమె అతన్ని జాలిగా చూసింది.

"నీ బాధ నాకు తెలుసు మావా. జరిగినదాన్నే తలుచుకుని ఏదేదో మాట్లాడుతున్నావు. ఈసారి నువ్వు గోడకు ఆనుకోకుండా ఉండు, చాలు."

ఆమె లోపలికి వెళ్లింది. గవిరయ్య తాడు మెడకు తగిలించుకుని, ఆరో దూలం కోసం అవతలి లోయకు బయలుదేరాడు.

నీతి: తప్పును చూసి సుఖం కోసం నోరు మూసుకున్నవాడు, రేపు ప్రాణాలు కాపాడాలని నోరు తెరిచినా ఆ మాటకు విలువ ఉండదు.