తెగిన మీసం

హమ్దాన్‌కు ఒకటే బెంగ. ఆరేళ్ళుగా రాస్తున్న పుస్తకంలో ఒక్క చేప సంగతి తేలితే చాలు, పని పూర్తవుతుంది. గురువుగారేమో తేల్చనివ్వడం లేదు.

నైలు నది రాళ్ళ మీంచి దూకే చోట షేక్ నూరైన్ అనే సూఫీ గురువు ఆశ్రమం ఉండేది. హమ్దాన్ ఆయన శిష్యుడు. ఒకప్పుడు అదే నది మీద పడవలు దోచినవాడు. ఇప్పుడు ఆ నదిలో చేపలన్నిటినీ జాతులవారీగా పుస్తకానికి ఎక్కిస్తున్నాడు. పొలుసులు లెక్కపెట్టేవాడు, మీసాలు కొలిచేవాడు, బొమ్మ గీసేవాడు. గీతలో వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాదు.

ఇసుక రేవులో ఒక చేప దొరికేది. మన బొచ్చెకూ శీలావతికీ దూరపు చుట్టం. పెదవులు పల్చన. అలాంటిదే రాళ్ళ మధ్యా దొరికేది గాని, దానికి పెదవులు బొటనవేలంత లావుగా వేలాడేవి.

"ఇవి రెండు జాతులు, హజ్రత్. లావు పెదవులదాన్ని ఇంతవరకూ ఎవరూ రాయలేదు. దానికి మీ పేరు పెడతాను" అన్నాడు హమ్దాన్.

షేక్ నవ్వాడు. "నా పేరు మొయ్యడానికి ఆ చేప ఒప్పుకుందా?"

"తమాషా కాదు. రేపు వెళ్ళే పడవ మళ్ళీ ఏడాదికి గాని రాదు. పట్నంలో పండితులు ఎదురుచూస్తున్నారు."

"అయితే ఏడాది ఆగు. నువ్వు బొమ్మ గీసిన ఆ లావు పెదవుల చేపనే మన తోట తొట్టిలో వదులు. నీ చేత్తోనే మేత వెయ్యి."

ఆ తొట్టి అడుగున మెత్తటి బురద తప్ప చిన్న గులకరాయి కూడా లేదు. హమ్దాన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. కాని గురువు మాట కాదనలేడు గదా! రోజూ పొద్దునా సాయంత్రం పిండి ఉండలు వేశాడు. "నీ మూలాన నా ఏడాది మట్టిగొట్టుకుపోయింది" అని చేపను తిట్టిపోశాడు. అదేమో హాయిగా తింది.

ఏడాది తిరిగింది. పడవ వచ్చింది. హమ్దాన్ పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని వచ్చాడు.

"ఇక పంపమంటారా?"

"చేపను ఒకసారి చూసి పంపు."

హమ్దాన్ చేపను వలతో పైకి తీశాడు. దాని పెదవులు పల్చగా ఉన్నాయి.

"ఎవరో మార్చేశారు!" అని కేకపెట్టాడు. "ఇది ఇసుక రేవు చేప!"

షేక్ మూట విప్పి, పుస్తకంలో ఆ చేప బొమ్మ ఉన్న పుట తీసి, తొట్టి గట్టు మీద పెట్టాడు.

బొమ్మలో కుడివైపు రెండు మీసాలు. ఎడమవైపు ఒకటే. రెండోది ఎప్పుడో గాలానికి చిక్కి మొదలంటా తెగిపోయింది. ఆ తెగినచోట వంకరగా ఉన్న మచ్చను కూడా హమ్దాన్ వదలకుండా గీశాడు.

వలలోని చేపను చూశాడు. కుడివైపు రెండు. ఎడమవైపు ఒకటి. పక్కన అదే మచ్చ.

రాళ్ళు లేని బురదలో ఆ లావు పెదవులు చప్పుడు లేకుండా తగ్గిపోయాయి. రోజుకు రెండుసార్లు తను చూస్తుండగానే, కళ్ళెదుటే జరిగింది.

"రోజూ చూశాను, హజ్రత్" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎప్పుడు మారిందో నాకు తెలీలేదు."

చేపను మెల్లగా నీళ్ళలోకి వదిలాడు. కలం తీసి, పెట్టాలనుకున్న కొత్త పేరు కొట్టేశాడు. రెండు బొమ్మలనూ ఒకే జాతి కింద చేర్చాడు. పడవవాడు రేవులోంచి పిలుస్తున్నా తల ఎత్తలేదు.

షేక్ అతన్నే చూస్తూ నిలబడ్డాడు.

"పడవల దొంగగా నువ్వు మా గుమ్మం తొక్కిన రోజున నీ మొహం ఎవరూ గీసిపెట్టలేదు నాయనా" అన్నాడు.

హమ్దాన్ తడి చేత్తో తన మొహం తడుముకున్నాడు.