అడగని బిడ్డ

"అడిగిన కొడుకులిద్దరూ నవ్వుతా ఇస్తాండారు తాతా. అడగని బిడ్డేమో నా మొహం చూడ్డం మానేసింది. నేను చేసిన తప్పేందో నువ్వే చెప్పాల."

హుసేనప్ప ఆ మాట అనేసి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఏడుపు కాదు, పొద్దున్నే ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన చెమట.

ఎదురుగా దర్గా అరుగు మీద జమాలప్ప తాత కూర్చుని గంధపుచెక్క అరగదీస్తున్నాడు. మర్నాడు గంధం పండగ. ఆ కొండకింద దర్గాకి తాతే పెద్ద. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ దేవుడికి మొక్కేవాళ్ళయినా ఆయన్ని తాతా అనే పిలుస్తారు. హుసేనప్పకి మాత్రం ఆయన గురువు. దూదేకడం నేర్పింది ఆయనే, భగవంతుణ్ణి తలుచుకోవడం నేర్పింది ఆయనే. రెండింటికీ వేరువేరు పాఠాలు లేవు.

"దూదిని కొట్టొద్దురా, విడదియ్యి" అనేవాడు. అంతకుమించి చెప్పిందీ తక్కువే.

మనసు బాగాలేనప్పుడల్లా హుసేనప్ప ఆ రోజుల్లోకి వెళ్ళిపోతుంటాడు. అప్పట్లో పరుపంటే దూది పరుపే. ఎండలు ముదిరితే గురువూ శిష్యుడూ దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళ మీద పడేవాళ్ళు. నారి మోగిన చప్పుడు వీధి మొదట్లో వినపడగానే ఆడవాళ్ళు గడ్డకట్టిన పరుపుల్ని బయటికి ఈడ్చేవాళ్ళు. సాయంత్రానికి ఇద్దరి కనురెప్పల మీదా తెల్లగా దూది. ఎవరి ఇంటి ముందర పని ముగిస్తే ఆ ఇంటి సంగటే రాత్రి భోజనం.

పెళ్ళయ్యాక సంసారమంతా అట్లాగే తిరిగింది. పెద్దకొడుకు దస్తగిరి పరుపుగుడ్డ ఒక కొస లాగి పట్టుకునేవాడు, చిన్నకొడుకు కుళ్ళాయప్ప ఇంకో కొస. భార్య లాలెమ్మ దూది పరిచేది. నాకు పని లేదని కూతురు కాశింబీ ఏడిస్తే, దబ్బనంలో దారం ఎక్కించే పని దానికిచ్చారు. అందరికంటే చిన్నది. నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి, ఎంతసేపటికో ఎక్కించేది. అంతవరకూ ఇంటిల్లిపాదీ ఆగేవాళ్ళు. పరుపు వాళ్ళు తొందరపెడితే లాలెమ్మ "దారం కావాలి కదమ్మా" అనేది.

ఇప్పుడు ఆ పనే పోయింది. స్పాంజి పరుపులు వచ్చాక హుసేనప్పకి దిండ్లు మిగిలాయి, అవీ పెళ్ళిళ్ళ కాలంలో. ఆ సమయంలోనే లాలెమ్మకి గుండె ఆపరేషన్ అయింది. ఇల్లు కుదవపెట్టి వడ్డీకి తెచ్చాడు. మనిషి దక్కింది, ఇల్లు దక్కుతుందో లేదో తెలియకుండా ఉంది. దిండ్లమీద వచ్చేది వడ్డీకే చాలడం లేదు.

చివరికి లాలెమ్మే అంది. "పిల్లోళ్ళని అడుగు. నా గుండెకే కదా ఈ అప్పు. వాళ్ళకి నేనేం కానా?"

హుసేనప్పకి అడగడమంటే చచ్చేంత సిగ్గు. రంజాన్ పండగకి ముగ్గురూ ఇంటికి వచ్చి, మర్నాడు చాయ్ తాగుతుంటే, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"చాయ్ చల్లారిపోతాంది నాయనా. చెప్పేదేదో చెప్పు" అన్నాడు దస్తగిరి. తాడిపత్రిలో కాలిపోయిన మోటార్లు బాగుచేసే అంగడి అతనిది.

హుసేనప్ప చెప్పాడు. దస్తగిరి ఆలోచించలేదు. నెలనెలా ఇంత ఇస్తానన్నాడు.

"వానికేం, ఊర్లో మోటార్లు కాల్తానే ఉంటాయి" అన్నాడు కుళ్ళాయప్ప. నాపరాళ్ళకి పాలిష్ పట్టే చోట కూలి అతను. "నేను దాంట్లో సగం ఇస్తా. నాకు మోటార్లు లేవు, పెండ్లాముంది."

అందరూ నవ్వారు. కాశింబీ కూడా నవ్వుతూనే, "నేను..." అంటూ నోరు తెరిచింది.

హుసేనప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "దీన్ని వదిలెయ్యండి, పాపం. దీనికెందుకు ఈ కష్టం."

కాశింబీ బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతుంది, సాయంత్రాలు రవికలు కుడుతుంది. మొగుడు లారీ ఎక్కితే ఎప్పుడొస్తాడో, ఏం తెస్తాడో చెప్పలేం. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. హుసేనప్ప ప్రేమకొద్దీ అన్నాడని కూడా అందరికీ తెలుసు.

కాశింబీ లేచింది. గ్లాసులన్నీ ఏరుకుని లోపలికి వెళ్ళింది, కడిగి బోర్లించింది. ఇంకో రెండు రోజులు ఉంటానన్న మనిషి సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

నెల తిరిగేలోపల, వాళ్ళ ఊరినుంచి కూరగాయలు తెచ్చి అమ్మే మనిషి చేత కొంచెం డబ్బు పంపింది. హుసేనప్ప ఆ మనిషి చేతే తిప్పి పంపాడు. ఉత్త చేతులతో పంపడం ఎందుకని ఒక సంచి శెనక్కాయలు కూడా కట్టిచ్చాడు. తాను మంచిపనే చేశాననుకున్నాడు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకున్నాడు కూడా, బిడ్డ దగ్గర పైసా తీసుకోలేదని.

మూడోనాడు శెనక్కాయలు తిరిగొచ్చాయి.

అప్పట్నుంచి ఫోన్ చేస్తే, "పనిలో ఉండా నాయనా" అంటుంది. బక్రీదుకి రాలేదు. వచ్చే బస్సు లేదంది. బస్సు రోజూ వస్తుంది.

లాలెమ్మని అడిగితే విసుక్కుంది. "నన్నడగొద్దు. పెండ్లయినప్పట్నుంచీ చెప్తాండా, ఒకటన్నా విన్నావా? పోయి మీ తాతనడుగు. ఆయన చెప్తే నీ తలకెక్కుతాది."

అదీ సంగతి. అందుకే ఈ పొద్దు సైకిలెక్కాడు.

తాత అంతా విన్నాడు. చెక్క అరగదీయడం మాత్రం ఆపలేదు.

"ఏమన్నావు?"

"ఎప్పుడు తాతా?"

"చాయ్ తాగేటప్పుడు. ఆ బిడ్డని."

"దీన్ని వదిలెయ్యండి, పాపం, దీనికెందుకు ఈ కష్టం అన్నా."

"కసురుకున్నావా?"

"ల్యా. ముద్దుగానే అన్నా."

"అందరి ముందరా?"

"అందరంటే ఎవరు తాతా, ఇంట్లోవాళ్ళే."

"ఊఁ" అన్నాడు తాత. సాన మీది గంధం వేలితో తీసి హుసేనప్ప మెడకి పూశాడు. "రేపు చాదర్‌కి వస్తావు కదా."

"అదేం మాట తాతా. రాకుండా ఎట్లుంటా."

తప్పేందో తాత చెప్పనేలేదని హుసేనప్ప దారిపొడుగునా గొణుక్కున్నాడు. ఒకప్పుడైతే ఇట్లాంటిదానికి రెండు మాటలన్నా చెప్పేవాడు, వయసు మీదపడి మరిచిపోతున్నాడేమో అనుకున్నాడు.

ఆ దర్గాకి గంధం రోజున ఊరి మసీదు దగ్గర్నుంచి చాదర్ తీసుకుపోతారు. సమాధి మీద కప్పే ఆకుపచ్చ పట్టుగుడ్డ, మీద మల్లెపూలు. మడిచి చంకలో పెట్టుకుంటే ఒక్క మనిషి పోవచ్చు, అంత తేలిక. కానీ దాన్ని పరిచినట్టుగా విప్పి, నాలుగు అంచులూ జనం పట్టుకుని నడుస్తారు. ఆడ, మగ, పెద్ద, చిన్న లేదు. బెత్తెడు అంచు దొరికినా చాలు, వేలు ఆనించి నడుస్తారు. ముందువైపు ఎడమ కొస తాతది, కుడి కొస హుసేనప్పది. పెళ్ళి కాకముందు ఒక ఏడు తాత ఆ కొస తెచ్చి అతని చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ అది అతనిదే. లాలెమ్మ ఆసుపత్రిలో ఉన్న ఏడు కూడా పక్క మంచం వాళ్ళకి అప్పజెప్పి, వచ్చి, పట్టుకుని, రాత్రి బస్సుకి తిరిగివెళ్ళాడు.

మర్నాడు పొద్దు వాలుతుండగా చాదర్ విప్పారు. సన్నాయి, డోలు మొదలయ్యాయి. దస్తగిరి, కుళ్ళాయప్ప ఒక పక్క అంచు పట్టుకున్నారు. కాశింబీ కూడా వచ్చింది. కానీ నాన్న ఉన్న వైపు రాకుండా తల్లితో పాటు దూరంగా నిలబడింది. హుసేనప్ప చెప్పులు విడిచాడు, చేతులు కడుక్కున్నాడు, తన కొస దగ్గరికి వెళ్ళాడు.

జమాలప్ప తాత అతని మణికట్టు పట్టుకుని ఆపాడు. మెత్తగానే.

"హుసేనుని వదిలెయ్యండి, పాపం" అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. "మోకాళ్ళు నొస్తాండాయి. అప్పు ఒకటి నెత్తిన ఉండాది. వానికెందుకు ఈ కష్టం."

"నాకేం నొప్పి లేదు తాతా."

"తెలుసులేప్పా. నువ్వూరికే నడువు, చాలు."

ఆ కొసని తాత చాయ్ అంగడి నాగప్పకి ఇచ్చాడు. నాగప్ప మొహమాటపడుతూనే పట్టుకున్నాడు. అందరూ హుసేనప్ప వైపు జాలిగా చూశారు. ఎవరో కుర్చీ తెమ్మన్నారు కూడా.

చాదర్ కదిలింది.

హుసేనప్పకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి కట్టుకున్నాడు. తువ్వాలు చివర పట్టుకున్నాడు. తీసేశాడు. ఒళ్ళు మండిపోయింది. నేనేమన్నా చచ్చిపోయినానా అనుకున్నాడు. తాతని ఎదురు ప్రశ్నించింది లేదు ఇన్నేళ్ళలో, ఇవాళ మాత్రం నడివీధిలో నిలేసి అడగాలనిపించింది. మోకాళ్ళు నావి, నొప్పి నాది, నీకెవరు చెప్పమన్నారు?

దస్తగిరి వెనక్కి తిరిగి చూశాడు. "నాయనా, నువ్వు నిదానంగా రా. తొందరేం లేదు" అన్నాడు ప్రేమగా.

అది ఇంకా మండింది.

జనం అతన్ని దాటుకుంటూ ముందుకి పోయారు. సన్నాయి దూరమయింది. ఎవరికీ అడ్డం రాకుండా పక్కకి జరిగి జరిగి, చివరికి వెనక మిగిలాడు. అక్కడ కాశింబీ ఒక్కతే నడుస్తోంది. లాలెమ్మ ఎవరితోనో మాటల్లో పడి ముందుకి వెళ్ళిపోయినట్టుంది. కాశింబీ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది.

హుసేనప్ప ఆ చేతుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. కల్వర్టు దాటాక ఆమె పక్కకి చేరాడు.

"అమ్మీ."

"ఊఁ."

"తాత నన్ను పట్టుకోనీలేదు."

"చూసినా."

"మోకాళ్ళు నొస్తాయంట."

"నొయ్యవా?"

"నొస్తాయి." నాలుగడుగులు వేశాక అన్నాడు. "నొస్తే మాత్రం?"

కాశింబీ కొంగు సర్దుకుంది.

హుసేనప్పకి కొడుకుల్ని అడిగిన రోజున కూడా ఇంత కష్టం కాలేదు. అయినా ఈసారి గోడ వైపు చూడలేదు. బిడ్డ వైపే చూశాడు.

"ఈ నెల వడ్డీకి కొంచెం తక్కువ పడిందమ్మీ. నీ దగ్గర ఏమన్నా ఉందా?"

ఆమె ఆగింది. "ఎంత?"

"ఐదొందలు."

"ఐదొందలు లేవు. మూడొందలుండాయి."

"చాలు."

"యాడ చాలు? తక్కువ పడింది ఐదొందలంటివి కదా" అంది. "మిగతాది పెద్దన్నని అడుగు. అంగడి బాగానే నడుస్తాంది, నాకు తెలుసు."

"అడుగుతా."

"వచ్చే నెలనుంచీ నేనెంతియ్యాల్నో ముందే చెప్పు నాయనా. ఉంటే ఇస్తా. లేకుంటే లేదంటా. ఆ లేదనే మాట నన్ను చెప్పనీ. నువ్వు చెప్పొద్దు."

"సరే."

"అసలు ఎంతకి తెచ్చినావు వడ్డీకి?"

చెప్పాడు.

"ఆ వడ్డీకి ఎవరన్నా తెస్తారా? నన్నొక మాట అడిగింటే మా బడి టీచరమ్మ వాళ్ళ పొదుపు సంఘంలో సగం వడ్డీకి ఇప్పించి ఉందును కదా. మొగోళ్ళు ముగ్గురూ కూర్చుని తేల్చినారు, చాయ్‌లు తాగి." గొంతు పెరిగింది. ముందు నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె లెక్కచెయ్యలేదు. అసలెంత, కట్టిందెంత, ఇంటి కాయితం ఎవరి దగ్గరుంది, రసీదు ఇచ్చాడా లేదా, అన్నీ అడిగింది. ప్రతిదానికీ తిట్టింది. దర్గా మెట్ల దాకా హుసేనప్ప తిట్లు తింటూనే నడిచాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె అట్లా తిట్టేది. అవి విని ఎన్ని నెలలైందో.

వాళ్ళు చేరేసరికి చాదర్ కప్పడం అయిపోయింది. గుగ్గిలం పొగలో జనం పలచబడుతున్నారు. జమాలప్ప తాత గడప దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పెడుతున్నాడు.

హుసేనప్ప వెళ్ళి చెయ్యి చాపాడు. తాత ముద్ద పెట్టి, ఆ చేతిని వదల్లేదు.

"కోపమొచ్చిందా హుసేనూ?"

"వచ్చింది తాతా. శానా."

"రాకపోయింటే భయపడేవాణ్ణి" అన్నాడు తాత, వెనకున్న కాశింబీ కోసం ఇంకో ముద్ద చేస్తూ.